నీళ్ళకు లేచిన మంట

నల్లగొండలో ఒక ఉన్నత పాఠశాలలో నేను ఏళ్ళ తరబడి రసాయన శాస్త్రం చెప్పాను. ప్రతి ఏడూ ఒక పాఠం దగ్గర పిల్లలు ఒకే పొరపాటు చేసేవారు. తనంతట తాను జరిగే చర్య అంటే ఏమిటని పరీక్షలో అడిగితే, ఎవరూ ముట్టించకుండా గబగబా జరిగిపోయేది అని రాసేవారు. అందులో సగం తప్పు. ఆ సగం కింద ఎర్ర సిరాతో గీత గీసేటప్పుడు నా చెయ్యి ఆగేది. ఈ సంగతి తెలియనందువల్ల ఒకప్పుడు మా వాడలో ఒక మనిషి ప్రాణం పోబోయింది. అందులో నా దోషం ఉంది. దాన్ని దాచకుండా రాయమని ప్రభువు నా మనసులో చాలాకాలంగా అడుగుతూ ఉన్నాడు. ఇప్పటికి రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. మహబూబ్‌నగర్ మిషను బడిలో ఉండి చదువుకుని, పానగల్ దాటి కొన్ని మైళ్ళ దూరంలో ఉన్న మా ఊరికి పంతులమ్మగా తిరిగి వచ్చాను. ఊరికి ఎడంగా మా వాడ. వాడ చివర మా ప్రార్థన మందిరం. మట్టిగోడలు, వెదురు వాసాలు, బోదగడ్డి కప్పు. వారమంతా అందులో బడి, ఆదివారం ఆరాధన. మందిరానికి పెద్ద మా మేనమామ. పాస్టరుగారు రెండు నెలలకొకసారి నల్లగొండ నుంచి వచ్చేవారు. మిగతా ఆదివారాలు మామ ప్రార్థన నడిపిస్తే, నేను వాక్యం చదివి వివరించేదాన్ని. నాకు వాక్యం బాగా వచ్చునని అందరూ అనేవారు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

అది పోలీసు చర్య జరిగిన ఏడాది. అంతకుముందు రెండేళ్ళు ఊరు కమ్యూనిస్టు దళం చేతిలో ఉంది. దొర కోటలాంటి తన గడి వదిలి పట్నం పారిపోయాడు, వెట్టి ఆగిపోయింది, బంజర్లు పంచారు. మా వాడలో చాలా ఇళ్ళలో దళానికి అన్నం పెట్టారు. కొందరు ఇష్టంతో పెట్టారు, కొందరు భయంతో పెట్టారు. ఆ తర్వాత మిలిటరీ వచ్చింది. మిలిటరీ వెనకే దొర వచ్చాడు. గడిలోనే క్యాంపు పెట్టారు. ఎవరింట్లో ఎవరు తిన్నారో క్యాంపులో రాసుకుంటున్నారని వాడలో వణుకు.

అలాంటి రోజుల్లో కోతల పండుగ వచ్చింది. పంట ఇంటికి వచ్చినప్పుడు మొదటి వంతు మందిరానికి తెచ్చి దేవునికి స్తోత్రం చెల్లించే పండుగ అది. కానీ మా వాడలో సొంత పొలం ఉన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్ళకు తోలుపని. పొలం లేనివాడి మొదటి పంట ఏది? చేతిపనే వాడి పంట అని మా పెద్దలు ఎప్పుడో తేల్చుకున్నారు. అందుకని ఒకరు కొత్త చెప్పుల జత, ఒకరు తోలు బొక్కెన, ఒకరు కోడి తెచ్చేవారు. వాగు ఒడ్డున సున్నపు బట్టి నడిపే ముసలాయన, తోళ్ళ వెంట్రుకలు ఊడదీయడానికి వాడందరికీ సున్నం కాల్చి ఇచ్చేవాడు. ఆయన ప్రతి కోతల పండుగకూ రెండు గంపల సున్నం తెచ్చేవాడు. దాంతోనే క్రిస్మసుకు గోడలకు వెల్ల వేసేవాళ్ళం. ఏటా ఆయన దాన్ని నీళ్ళు కొట్టి, చల్లారిన ముద్ద చేసి తెచ్చేవాడు. ఆ ఏడు బట్టి ఆలస్యంగా దిగింది. శుక్రవారం సాయంత్రం గడ్డలు గడ్డలుగానే గంపలకెత్తి తెచ్చాడు.

మా మందిరానికి ఒక కట్టుబాటు ఉండేది. ఒకసారి గడప లోపలికి వచ్చిన కానుక, ఆదివారం దాని మీద ప్రార్థన జరిగేదాకా గడప బయటికి పోకూడదు. ఎవరో ఒక ఏడు తెచ్చిన కోడిని శనివారం తిరిగి పట్టుకుపోయి వండుకున్నారట. అప్పుడు పెట్టిన కట్టుబాటు. నేను బడిలో చదివి వచ్చాక దానికి వాక్యం నుంచి ఆధారాలు చూపించి ఇంకా గట్టి చేశాను.

ముసలాయన గంపలు లోపల దించి, చెమట తుడుచుకుని, కప్పు వైపు చూశాడు.

"పంతులమ్మా, గిది ఇంక తడపని సున్నం. జర సేపు ఈడ పెట్టి, స్తోత్రం చెప్పి, బయటికి దీస్క పోత. ఇయ్యాలనే గుంటల పోసి నీళ్ళు కొట్టాలె."

"కానుక గదా తాతా. ఆదివారం దాకా గడప దాటొద్దు."

"మొగులు పట్టింది సూడు. వానొస్తె గీ కప్పు మూలకు ఉరుస్తది, నీళ్ళ సుక్కలు పడ్తయి."

"ఒక్క రెండు రోజులే గదా."

"సున్నానికి ఆదివారం తెలుస్తదా బిడ్డా? దానికి నీళ్ళు తెలుసు, గంతే."

నేను నవ్వాను. "దేవునికిచ్చినదాన్ని దేవుడే కాపాడుకుంటడు" అన్నాను.

ఆ మాట నేను గర్వంతో అనలేదు. నిజంగానే నమ్మి అన్నాను. అయినా ఇప్పుడు తలచుకుంటే, ఆ మాటలో నా నమ్మకం కంటే నా మాటే చెల్లాలన్న పట్టుదల ఎక్కువ ఉందని అనిపిస్తుంది. ముసలాయన గడప వైపు తిరిగాడు. "సదువుకున్నదానివి, నీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు. నేల చెమ్మకు గంపల అడుగు తడుస్తుందేమోనని, పిల్లలు కూర్చోవడానికి మూలన పేర్చిన ఎండుగడ్డి మీద వాటిని నేనే ఎత్తి పెట్టాను.

శుక్రవారం చీకటి పడ్డాక సన్నని ముసురు మొదలైంది. శనివారం పొద్దున కూడా ఆగలేదు. మధ్యాహ్నానికి తెరిపి ఇచ్చింది. జొన్న కోతలు ఆలస్యమవుతున్నాయని అందరూ చేలకు పోయారు. నేను ఆదివారపు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతకడానికి వాగుకు వెళ్ళాను. గుడ్డ పిండుతుండగా వాడ వైపు నుంచి కేకలు వినిపించాయి.

పరుగెత్తి వచ్చేసరికి మందిరం మూల నుంచి తెల్లని ఆవిరి, దాని వెంట పసుపుపచ్చని పొగ వస్తున్నాయి. లోపలికి పోయాను. గంపలు రెండూ పగిలి విచ్చుకుని ఉన్నాయి. రాళ్ళలా ఉన్న గడ్డలు ఉబ్బి, పూలలా విరిసి, తెల్లని పిండి అయ్యాయి. వాటి కింద గడ్డి మండుతోంది. మంట వెదురు గుంజ పట్టుకుని పైకి పాకుతోంది. ఎవరో ఒక కుండ నీళ్ళు ఆ మూలకు విసిరారు. బుస్సున ఆవిరి లేచి మా ముఖాల మీదికి వచ్చింది, మంట తగ్గలేదు. కప్పు మీద తడిగానే ఉంది, లోపలి గడ్డి మాత్రం ఎండు. నేను గ్రంథాన్ని, మామ బల్లను బయటికి తెచ్చాం. అంతలో కప్పు కూలింది.

ఆ సాయంత్రమే ఇంకో వార్త వచ్చింది. బట్టి ముసలాయన కొడుకు దళంలో తిరుగుతున్నవాడు. తండ్రిని చూసి నాలుగు మెతుకులు తినిపోదామని ఆ పగలు వాడకు వచ్చాడు. పొగ చూసి జనం గుమిగూడేసరికి జొన్నచేలో దాక్కున్నాడు. క్యాంపువాళ్ళు పట్టుకున్నారు. మొలలో బీడీలు, అగ్గిపెట్టె దొరికాయి. మందిరం తగలబడింది, దళం మనిషి పక్కనే ఉన్నాడు, అగ్గిపెట్టె కూడా ఉంది. ఇంకేం కావాలి? దేవుడు లేడనేవాళ్ళు దేవుని ఇల్లు కాల్చారని దొర మనుషులు చీకటి పడకముందే ఊరంతా చెప్పారు. సోమవారం క్యాంపు పెద్ద అయిన సుబేదారు మా వాంగ్మూలం తీసుకుని, వాణ్ణి నల్లగొండకు పంపుతాడని తెలిసింది. ఆ రోజుల్లో క్యాంపు నుంచి నల్లగొండకు బయలుదేరినవాళ్ళందరూ నల్లగొండకు చేరేవారు కాదు. దారిలో పారిపోబోయాడని చెప్పేవారు. ఆ మాటకు అర్థం మా వాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆదివారం కాలిన గోడల మధ్య, ఆకాశం కింద ఆరాధన జరిగింది. ఆమెన్ చెప్పాక మామ ఎవరినీ లేవనివ్వలేదు.

"రేపు క్యాంపుల అడుగుతరు. ఎవల్ని అడిగినా ఒక్కటే మాట. దళపోడు కాల్చిండు."

"నువ్వు జూసినవా మామా?" అన్నాను.

"జూసుడెందుకు? పొగ లేసింది, వాడు చేన్ల దొరికిండు."

"అగ్గి మూల నుంచి లేసింది. సున్నం గంపల కాడి నుంచి."

మామ నా వైపు తిరిగాడు. ఆయన ముఖంలో కోపం లేదు, అలసట ఉంది. "బిడ్డా, మనం దళానికి బువ్వ పెట్టినమని వాళ్ళకు తెలుసు. దళం మన గుడి కాల్చిందంటె మనం వాళ్ళ మనుషులం కాదని తేలుతది. కాల్చలేదంటె, మరెవలు కాల్చిండ్రంటరు. మనమే తుపాకులు దాచి, దొరుకుతయని కాల్చుకున్నమంటరు. అరువై ఇండ్లున్నయి వాడల. పిల్లలున్నరు. ఒక్కని కోసం అందరిని ఇడిసి పెడతవా?"

పెద్దలు తలూపారు. ఒకామె, "నీళ్ళకు అగ్గి పుట్టిందని చెప్తె నవ్వుతరు గూడ" అంది. నిజమే.

అందరూ వెళ్ళిపోయాక బట్టి ముసలాయన వచ్చాడు. ఆయన పొద్దున ఆరాధనకు రాలేదు. నన్ను పలకరించకుండా మూలకు పోయి, గొంతుకూర్చుని, బూడిదను పుల్లతో కదిపాడు. తెల్లని సున్నపు పిండి కింద గడ్డి నల్లగా కరుడు కట్టి ఉంది. గుంజను చేత్తో తడిమాడు. అడుగున పూర్తిగా బొగ్గు. నడుమకు వచ్చేసరికి పైపైన కమిలింది.

"కప్పుకు ముట్టిచ్చిన మంటైతె పైన తిని కిందికి దిగుతది" అన్నాడు. "గిది కింద పుట్టి పైకి పోయింది. నా బట్టి కాడ ఒకపాలి గిట్లనే అయింది. వానకు సున్నం తడిసి పక్కన కట్టెలంటుకున్నయి."

"రేపు చెప్పు తాతా."

"నేను చెప్తె తండ్రి అంటరు. నువ్వు చెప్పాలె."

అంతే అన్నాడు. శుక్రవారం తను చెప్పింది, నేను విననిది, ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను ఏదో ఒక సమాధానం చెప్పుకునేదాన్ని. ఆయన ఎత్తనందువల్ల నాకు దాక్కునే చోటు లేకపోయింది.

ఆ సాయంత్రం ఆ కూలిన మందిరంలోనే మోకరించాను. మొదట నేను ప్రార్థించింది సిగ్గుపడవలసిన ప్రార్థన. ప్రభువా, ఈ మాట ఇంకెవరిచేతనైనా చెప్పించు అన్నాను. తర్వాత అరవై ఇళ్ళ సంగతి చెప్పుకున్నాను. అబద్ధసాక్ష్యం పలుకవద్దన్న ఆజ్ఞ నాకు చిన్నప్పటి నుంచి నోటికి వచ్చు. అరవై ఇళ్ళ కోసమైతే పలుకవచ్చునని దాని కింద ఇంకో వరుస ఏదైనా ఉందేమోనని వెతికాను. లేదు. నాకు ఏ స్వరమూ వినబడలేదు, ఏ వెలుగూ కనబడలేదు. లేచేసరికి వెళ్ళి చెప్పాలని మాత్రం తెలిసింది.

సోమవారం పొద్దున మామ, ఇద్దరు పెద్దలు, ముసలాయన, నేను గడికి పోయాం. వాకిట్లో సుబేదారు కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఉత్తరాది మనిషి. నాకు బడిలో నేర్పిన ఉర్దూ ఉంది కాబట్టి నేరుగా మాట్లాడగలిగాను. అరుగు మీద ముసలాయన కొడుకును చేతులు వెనక్కి కట్టి కూర్చోబెట్టారు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. తండ్రి వైపు చూడలేదు.

మామ తను చెప్పదలచుకున్నది చెప్పాడు. తర్వాత సుబేదారు నన్ను అడిగాడు. మంట సున్నం నుంచి వచ్చిందని, తడపని సున్నం మీద వాన చినుకులు పడి వేడెక్కి గడ్డి అంటుకుందని చెప్పాను. ఆయన నేను సరిగ్గా ఉర్దూ మాట్లాడుతున్నానా అన్నట్టు చూశాడు. పక్కన నిలబడ్డ దొర గుమాస్తా పగలబడి నవ్వాడు.

"నీళ్ళు పోస్తె అగ్గి పుడ్తదట. గీ వాడోళ్ళ దేవుడు శానా గొప్పోడు. ఇగ మన పొయ్యిలకు కట్టెలెందుకు, బాయి కాడికి పోతె సరిపాయె."

సిపాయిలకు అది ఉర్దూలో చెప్పాడు. వాళ్ళూ నవ్వారు.

"చూపిస్తాను" అన్నాను.

చూపించడానికి సున్నం ముందే తెచ్చుకున్నాను. అక్కడ కూడా నా చదువే నన్ను తప్పుదారి పట్టించింది. బట్టి దగ్గర ఒక కుప్పలో మెత్తటి పిండి ఉంటే, మెత్తగా ఉన్నది త్వరగా పనిచేస్తుందని అనుకుని అదే మూట కట్టుకున్నాను. ఒక పెంకులో పోసి గడ్డి చుట్టి నీళ్ళు చల్లాను. పిండి తడిసి బురద అయింది. వేలు పెట్టి చూశాను. చల్లగా ఉంది. గుమాస్తా నవ్వు ఇంకా పెరిగింది. సుబేదారు గడియారం చూసుకున్నాడు. మామ తలదించుకున్నాడు.

అప్పుడు ముసలాయన నా పక్కకు వచ్చాడు.

"అది చచ్చిన సున్నం, పంతులమ్మా. గాలి చెమ్మను తాగి తాగి ఎన్నడో చల్లారింది. దాంట్ల ఇంకేం లేదు."

తన గొంగడి విప్పి నాలుగు గడ్డలు తీశాడు. ఒకదాన్ని గోటితో కొడితే ఖంగుమంది. రాయంత ఉన్నా బరువు లేదు. వాటిని దగ్గర దగ్గరగా పేర్చి, చుట్టూ ఎండుగడ్డి కూరి, అరచేతిలో నీళ్ళు తీసుకుని చినుకుల్లా చల్లాడు. నేను చెంబెత్తబోతే ఆపాడు. "ఎక్కువ పోస్తె నీళ్ళే వేడి తాగుతయి" అన్నాడు.

కాసేపు ఏమీ కాలేదు. ఆ కాసేపు చాలా పొడుగు. తర్వాత గడ్డలో చిటపటమని సన్నని చప్పుడు. ఒక బీట పడింది. ఆవిరి లేచింది. సుబేదారు ముందుకు వంగి గడ్డకు వేలు ఆనించబోయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ముసలాయన ఇంకో నాలుగు చినుకులు చల్లి, పైన గడ్డి కప్పాడు. గడ్డి గోధుమరంగుకు మారింది, నల్లబడింది, పొగ వచ్చింది. గాలి ఒక్కసారి వాకిట్లోకి తిరిగింది. నల్లని గడ్డి అంచున ఎర్రని గీత పాకింది. ఆ పైన చిన్న మంట.

ఎవరూ నవ్వలేదు.

"గంపలు గడ్డి మీద ఎవరు పెట్టారు?" అని సుబేదారు అడిగాడు.

"నేను."

"వద్దని ఎవరూ చెప్పలేదా?"

నేను ముసలాయన వైపు చూశాను. ఆయన గడ్డిమంటను కాలితో ఆర్పుతున్నాడు. "చెప్పారు" అన్నాను. "వీరే చెప్పారు. నేను వినలేదు."

సుబేదారు చాలాసేపు రాశాడు. మందిరం కాల్చిన నేరం కొట్టేస్తున్నానని, కానీ దళం మనిషి కాబట్టి నల్లగొండ జైలుకు పంపక తప్పదని అన్నాడు. నేను అది ముసలాయనకు చెప్పాను.

"చేరుతడా అని అడుగు" అన్నాడాయన.

నేను ఆ మాటను ఉన్నదున్నట్టు ఉర్దూలో అడిగాను. సుబేదారు కలం ఆగింది. నా వైపు కాక ముసలాయన వైపు చూసి, చేరతాడు అన్నాడు. కాగితం కింద సాక్షిగా నా పేరు రాసి సంతకం చేయించాడు. కొడుకు నల్లగొండ చేరాడు. నాలుగో రోజు జైలు నుంచి కబురు వచ్చింది.

కానీ మామ భయపడింది కూడా జరిగింది. ఆ వారంలోనే క్యాంపువాళ్ళు వాడ మొత్తం సోదా చేశారు. గింజల కుండలు పగలగొట్టారు. నలుగురిని తీసుకుపోయి పదిహేను రోజులు ఉంచుకున్నారు. వాళ్ళలో ఒకాయన తిరిగి వచ్చాక సరిగ్గా నడవలేకపోయాడు. నిజం చెబితే అందరికీ మేలే జరుగుతుందని నేను ఏ బడిలోనూ పిల్లలకు చెప్పలేదు. ఈస్టరు వరకు నన్ను ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారానికి, దూరంగా ఉంచారు. "నిజం చెప్పినందుకు కాదు బిడ్డా, గుడి కాల్చినందుకు" అన్నాడు మామ. ఆ తీర్పు న్యాయమైనదే. వెనక వరుసలో కూర్చుని దాన్ని ఒప్పుకున్నాను.

తర్వాత పాస్టరుగారి చొరవతో హైదరాబాదు వెళ్ళి పై చదువు చదివాను. అక్కడ ఒక తరగతిలో ఇదంతా నాకు మళ్ళీ ఎదురైంది. ముసలాయన చేతివేళ్ళకు తెలిసినదాన్ని నేను పుస్తకంలో నేర్చుకున్నాను.

ఒక మార్పు తనంతట తాను జరగడానికి రెండు సంగతులు చూడాలి. ఒకటి, ఆ మార్పులో వేడి బయటికి పోతుందా అన్నది. రెండు, అందులో ఉన్న అణువులు మునుపటికంటే ఎక్కువగా చెల్లాచెదురవుతాయా అన్నది. మొదటిది ఒక్కటే చాలునని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పాత్రలకు కళాయి పూసేవాడు వాడే నవాసాగరమనే ఉప్పును నీళ్ళలో వేస్తే గిన్నె చల్లబడుతుంది. వేడిని లోపలికి తీసుకుంటూ కూడా అది కరుగుతుంది. ఎందుకంటే గడ్డకట్టి ఉన్నది విడిపోయి నీళ్ళంతా పరుచుకుంటుంది. ఈ రెండు సంగతులూ ఒకవైపే లాగితే వాదమే లేదు. చెరొకవైపు లాగితే, ఏది గెలుస్తుందో ఎంత వేడిమి మీద, అంటే ఎంత ఉష్ణోగ్రతలో, జరుగుతోందన్నది తేలుస్తుంది. వేడిమి పెరిగేకొద్దీ చెదిరిపోవడానికి బలం పెరుగుతుంది.

మా వాగులోని సున్నపురాయి ఈ రెండు పక్షాలకూ సాక్షి. మామూలు ఎండకు వందల ఏళ్ళు అలాగే పడి ఉంటుంది. దాన్ని విడగొట్టడానికి చాలా వేడి కావాలి కాబట్టి మొదటి సంగతి దానికి అడ్డం. బట్టిలో ఎర్రగా కాలినప్పుడు రెండోది గెలుస్తుంది. రాయిలో చిక్కి ఉన్న గాలి విడివడి పైకి పోతుంది. మిగిలింది ఆ తేలికైన, ఖంగుమనే గడ్డ. దాని మీద నీళ్ళు పడితే కథ తిరగబడుతుంది. నీళ్ళు గడ్డలో చిక్కుకుపోతాయి, అంటే చెదరడం తగ్గుతుంది. అయినా బయటికి వచ్చే వేడి అంత ఎక్కువ కాబట్టి మొదటిదే గెలుస్తుంది. ఎవరూ ముట్టించనవసరం లేదు. నీళ్ళు చాలు.

ఇక పిల్లలు తప్పు రాసే సగం. తనంతట తాను జరిగేదంటే వెంటనే జరిగేదని కాదు. గుమాస్తాను నవ్వించిన ఆ పిండి కూడా తనంతట తానే మారింది. నెలల తరబడి, ఎవరికీ తెలియకుండా, గాలిలోని చెమ్మతో మారింది. మా మందిరపు కప్పు గడ్డి గాలిలో మండిపోవడానికి మొదటి రోజు నుంచీ సిద్ధంగానే ఉంది. అయినా ఏళ్ళ తరబడి మా తలల మీద నిశ్శబ్దంగా ఉంది. మొదలవడానికి ఒక చిన్న గట్టు ఎక్కించాలి. మామూలుగా ఆ గట్టును అగ్గిపుల్ల ఎక్కిస్తుంది. ఆ శనివారం సున్నం వేడి ఎక్కించింది. దిగువకు పోయే దారి ఉన్నదా అన్నది ఒక ప్రశ్న, ఎప్పుడు బయలుదేరుతుందన్నది ఇంకొక ప్రశ్న. సృష్టికి దేవుడు పెట్టిన ఈ నియమం ఎవరి ముఖమూ చూడదు. కానుక అని చూడదు, మందిరం అని చూడదు. ఇది తెలిశాక నా విశ్వాసం తగ్గలేదు. ఆయన మాట తప్పనివాడని ఇంకా గట్టిగా నమ్మాను. ఆ ముసలాయన ద్వారా ఆయన నాకు ముందే చెప్పాడని కూడా నమ్ముతున్నాను.

కొడుకు జైలు నుంచి రావడానికి కొన్నేళ్ళు పట్టింది. అప్పటికి మందిరాన్ని రాతిగోడలతో, పెంకుటి కప్పుతో మళ్ళీ కట్టుకున్నాం. సెలవుల్లో నేను ఊళ్ళో ఉన్నప్పుడు అతను వచ్చాడు. లోపలికి రాలేదు. అతనికి దేవుని మీద నమ్మకం అప్పటికే పోయింది, తిరిగి రాలేదు. తండ్రి గోడకు వెల్ల వేస్తుంటే బయట నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. నేను నీళ్ళు తెచ్చి ఇచ్చాను. తాగి, చెంబు తిరిగి ఇస్తూ అడిగాడు.

"పంతులమ్మా, ఒక్క మాట. ఆనాడు దళపోళ్ళు కాల్చుమంటె నేను కాలుస్తుంటినేమో. గా దినాలు గట్లుండె. కాల్చలేదని నీకెట్ల తెలుసు?"

"నీ గురించి నాకేం తెల్వదు. సున్నం గురించే చెప్పిన."

"గంతేనా?"

"గంతే."

అతను గొంతు తగ్గించాడు. "మా నాయిన మాత్రం నువ్వు నన్ను నమ్మినవనుకుంటుండు. గీ మాట ఆయనకు చెప్పకు. ముసలోడు."

నిచ్చెన మీద నుంచి ముసలాయన కుంచె ఆపాడు. ఆయనకు చెవులు బాగానే వినపడతాయి.

"ఏంది చెప్పొద్దంటున్నవ్‌రా?"

నేను తలెత్తి చూశాను. అబద్ధం చెప్పడం సులువే. ఆయనకు సంతోషం కూడా.

"నీ కొడుకు కాల్చలేదని నమ్మి చెప్పలేదు తాతా. అతని సంగతి నాకు తెల్వదు. మూలన చూసింది, నేను చేసింది, గదే చెప్పిన."

ముసలాయన కుంచెలోని సున్నపునీళ్ళు బక్కెట్లోకి కారనిచ్చాడు.

"నాకు గూడ తెల్వకుండె బిడ్డా" అన్నాడు. "వీన్ని పట్కపోయిన దినం, వీడే కాల్చిండేమో అనుకున్న. ఆదివారం పొద్దుగాల ప్రార్థనకు గూడ అందుకే రాలె, మొఖం చెల్లక. ఆ మూలకు పోయి, గుంజ తడిమినంకనే నమ్మిన."

కొడుకు తండ్రి కాళ్ళ కింది మెట్టు వైపు చూశాడు. అతని చేతులు నిచ్చెన మీదే ఉన్నాయి. "ఆ మెట్టు ఇరిగెటట్టున్నది నాయినా, దిగు. మిగిలింది నేనేస్త" అన్నాడు.

ముసలాయన దిగాడు. కొడుకు చెప్పులు విడిచి, కుంచె అందుకుని పైకెక్కాడు.